సర్దార్ కుడిచెయ్యి

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను టీ చెప్పడానికి లేచేవాణ్ణి. నాంపల్లిలో ఒక పాత మేడ మీద ఒంటి గదిలో ఇరవై రెండేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్నాను. డాక్టర్లు అచ్చులు పంపుతారు, నేను పళ్ళు చేసి పంపుతాను. గోడ పొడవునా ప్లాస్టర్ దవడలు వరసగా ఉంటాయి. వాటి సొంతదారుల్లో సగం మంది ఈపాటికి పోయి ఉంటారు. ఇన్నేళ్ళలో ఒక్క దవడ నన్ను పలకరించలేదు, ఒక్క పన్నూ కొరకలేదు. ఇక దయ్యాలను నమ్మమంటే ఎలా నమ్ముతాను?

ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని బతిమాలే ఓపిక నాకు లేదు. ఈ మధ్య నాకు దేనికీ ఓపిక ఉండటం లేదు, అసలు ఈ కథంతా ఆ ఓపిక లేకపోవడం గురించే.

నర్సింగన్న నాకు అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరుచుకునే పాత పుస్తకాల దగ్గర పరిచయమయ్యాడు. పుస్తకాల కుప్ప పక్కన ఒకాయన విరిగిన ప్లాస్టిక్ సైనికుల బొమ్మలు డబ్బాలో పోసి పెట్టాడు. వేలెడంత బొమ్మలు. నేనటు నుంచి చెయ్యి పెట్టాను, ఆయనిటు నుంచి పెట్టాడు. ఇద్దరి చేతికీ ఒకే రౌతు దొరికాడు.

"నీకు గుర్రం గావాల్నా, మనిషి గావాల్నా?" అన్నాడు.

గుర్రమన్నాను. మనిషిని గుర్రం మీంచి ఊడబెరికి తను ఉంచుకుని, గుర్రం నా చేతిలో పెట్టాడు. ఇద్దరం నలభై దాటినవాళ్ళం. అమ్మేవాడు మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

మిగిలిన మైనంతో బొమ్మలకు తలపాగాలు, మీసాలు చేయడం నాకు మొదటి నుంచీ అలవాటు. నర్సింగన్నకు అంతకంటే ముదిరిన పిచ్చి. ఫోన్‌లో వీడియోలు చూసి బల్ల మీద ఆడే యుద్ధం ఆట నేర్చుకున్నాడు. బల్ల మీద కొండలు, వాగులు, కోట గోడలు పెట్టి, అటూ ఇటూ రెండు సైన్యాలను నిలబెట్టాలి. ఎవరు ఎంత దూరం కదలాలో టేపుతో కొలవాలి, దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు చెప్పాలి. విదేశాల్లో దీనికోసమే బొమ్మలు అమ్ముతారట. అవి మనకందేవి కావు. అందుకని మేమే తయారుచేసుకున్నాం. ఒకడి మొండేనికి ఇంకొకడి తల అతికిస్తాం, కౌబాయ్ టోపీ చెక్కేసి పగిడీ పెడతాం, తుపాకీ కోసేసి బల్లెం ఇస్తాం. నా గదిలోని మైనం కత్తులు, సన్నటి డ్రిల్లు, చిగుళ్ళకు వాడే గులాబి రంగు పొడి, అన్నీ ఈ సైన్యాలకు పనికొచ్చాయి.

నర్సింగన్నది మెదక్ వైపు వ్యవసాయం చేసిన ఇల్లు. అబిడ్స్‌లో ఒక స్టేషనరీ దుకాణంలో కౌంటర్ దగ్గర పనిచేసేవాడు. ఆదివారం దుకాణం మూసి ఉంటుంది కాబట్టి పై గది వాడుకొమ్మని సేటు తాళం ఇచ్చాడు. కాగితం రీముల మధ్య, రెండు పాత తలుపులు కలిపి వేసిన బల్ల మీద తొమ్మిదేళ్ళు ఆడాం. ఆట తెగకపోతే ఎక్కడి బొమ్మలు అక్కడే వదిలి, పైన దుప్పటి కప్పి, మళ్ళీ ఆదివారం మొదలుపెట్టేవాళ్ళం.

మాకు మేము పెట్టుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. బొమ్మకు చెయ్యో కాలో విరిగితే అది గాయపడినట్టు లెక్క. బాగయ్యేదాకా బల్ల ఎక్కకూడదు. బాగుచేసినవాడు దాన్ని సొంతదారు చేతిలో పెట్టి, "గాయం మానింది, బల్ల ఎక్కించు" అనాలి. అప్పుడు సొంతదారే తన చేత్తో నిలబెట్టాలి. ఎదుటివాడి బొమ్మను ఇంకొకడు బల్ల ఎక్కించకూడదు. పిల్లల ఆటలా ఉందని మా ఆవిడ నవ్వేది. పిల్లల ఆట కాకపోతే మరేమిటి?

నర్సింగన్న సైన్యానికి నాయకుడు సర్దార్. ఆ మొదటి రోజు గుర్రం మీంచి ఊడబెరికిన మనిషే. ఇంకో గుర్రం సంపాదించి, కత్తి ఎత్తిన కుడిచెయ్యి ఎక్కడిదో కోసుకొచ్చి, అంతా తనే చేసుకున్నాడు. కాని ఆ చెయ్యి గమ్ముతో అతికించాడు. బరువైన కత్తి, సన్నటి భుజం, ఎన్నాళ్ళు ఆగుతుంది? యుద్ధం మంచి పట్టు మీద ఉండగా చెయ్యి టప్పున ఊడేది. ఇద్దరం మోకాళ్ళ మీద బల్ల కింద దూరి వెతికేవాళ్ళం. "మీ సర్దార్‌కు పక్షవాతం అన్నా" అని ఏడిపించేవాణ్ణి.

గమ్ముతో ఆగే పని కాదు అది. భుజంలోనూ మొండెంలోనూ రంధ్రం చేసి, లోపల తీగ వేసి, పొడి కలిపి పోయాలి. కట్టుడు పళ్ళలో పక్క పన్నును పట్టుకోవడానికి వేసే తీగే. నేను దాని చివర్లు రెండూ వంచుతాను, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. ఎటు లాగినా రాదు. ఎవరూ నేర్పలేదు, నా చేతికి అలా అలవాటైంది.

"తమ్మీ, నీ పండ్ల తీగ జర మా సర్దార్‌కు గూడ ఏస్తవా?" అని ఎన్నిసార్లు అడిగాడో చెప్పలేను.

"వచ్చే ఆదివారం అన్నా."

అరగంట పని. తొమ్మిదేళ్ళు వచ్చే ఆదివారం అన్నాను. పగలంతా తీగలు వంచినవాడికి ఆదివారం కూడా తీగ వంచాలంటే ప్రాణం ఉసూరుమనేది. ఇది సాకు కాదు, నిజం. నిజమైనా చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక ఆదివారం చెయ్యి మళ్ళీ ఊడింది. ఆయన ఎత్తు ఆయన వేయాల్సిన సమయం. ఈసారి నర్సింగన్న నవ్వలేదు. మొహం పాలిపోయి ఉంది. బొమ్మను, చేతిని నా పనిముట్ల డబ్బీలో వేసి, "తీస్కపోయి చెయ్యి. ఇగ నాతోని కాదు" అన్నాడు. దుప్పటి కప్పి మెట్లు దిగుతుంటే మూడుసార్లు ఆగాడు. ఆయన గుండె జబ్బు సంగతి మాకప్పుడు తెలియదు.

సోమవారం దవాఖానలో చేర్చారు. నాంపల్లిలోనే, నా గదికి పది నిమిషాల నడక. మంగళవారం ఫోన్ చేశాడు. "రేపొస్త అన్నా" అన్నాను. బుధవారం మళ్ళీ చేశాడు. గొంతు పీలగా ఉంది.

"చెయ్యి అతుకకున్నా ఏంగాదు తమ్మీ. బొమ్మ పట్టుకొని రా. జర చేతిల వట్టుకుంట."

ఆ మాట విని కూడా వెళ్ళలేదు. ఎవరిదో పెళ్ళి, పెళ్ళికొడుకు తాతకు శుక్రవారానికల్లా పై వరస పళ్ళు కావాలి. అంతకు ముందు వారం నుంచీ నడుము నొప్పి. సాయంత్రమయ్యేసరికి కళ్ళ ముందు చీకట్లు కమ్మేవి. మనిషికి ఒళ్ళు అలిసినప్పుడు అన్నీ రేపటికి సరిపోతాయనిపిస్తుంది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి నా గదిలో డబ్బీ పెట్టిన సొరుగు తీశాను. ఇది నాకు స్పష్టంగా గుర్తుంది. డబ్బీలో సర్దార్ ఒక పక్క, కుడిచెయ్యి ఒక పక్క ఉన్నాయి. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాను. చూపు సరిగా ఆనలేదు. పాడుచేస్తానేమోనని మళ్ళీ పెట్టేసి సొరుగుకు తాళం వేశాను. దాని తాళంచెవి నా మొలతాడుకు ఉంటుంది. ఇంకొకటి లేదు.

కనీసం మనిషినైనా చూసొద్దామని నాలుగున్నరకు చేతులు శుభ్రంగా కడుక్కుని బయలుదేరాను. దారిలో మూల మీద ఇరానీ హోటల్ ఉంది. బొమ్మ తేలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అనుకుంటూ, ఒక్క చాయ్ తాగి వెళ్దామని కూర్చున్నాను. చాయ్ తాగాను. గోడకు ఆనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఆరుంబావు. దవాఖానలో చూడనిచ్చేది ఆరు దాకానే. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అవును, ఆ క్షణంలో నాకు కలిగింది హాయే. ఇవాళ వెళ్ళనక్కర్లేదన్న హాయి. అది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గదికి తిరిగి వెళ్ళకుండా అటు నుంచి అటే ఇంటికి పోయాను.

శుక్రవారం తెల్లవారుజామున నర్సింగన్న పోయాడు.

అంత్యక్రియలకు వెళ్ళాను. పాడె కూడా పట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. సొరుగు తీసి బొమ్మను చూసే ధైర్యం మాత్రం రాలేదు. ఆ సొరుగులోని వస్తువుల అవసరం పడ్డా కొత్తవి తెప్పించుకున్నాను గాని తాళం తీయలేదు.

పదకొండో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. రైల్వే స్టేషన్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. నర్సింగన్న భార్య సులోచన వదిన వాకిట్లో అందరికీ నీళ్ళిస్తోంది. నన్ను చూడగానే చెంబు కింద పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"గురువారం నువ్వొచ్చి మంచిపని చేసినవ్ తమ్మీ. ఆ బొమ్మ చేతిల వెట్టినవ్ సూడు, నాలుగు దినాల సంది నవ్వని మనిషి నవ్విండు. రాత్రంతా సర్దార్ చెయ్యి బాగైంది అన్కుంటనే ఉన్నడు."

పక్కన పదిమంది ఉన్నారు. వదిన కళ్ళనిండా నీళ్ళు. "నేను రాలేదు" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఔ వదినా" అన్నాను.

భోజనం పెట్టారు, కుక్కిన పేనులా కూర్చుని తిన్నాను. తిని తిన్నగా నా గదికి వచ్చాను. మొలతాడు నుంచి తాళంచెవి తీసి సొరుగు తెరిచాను.

సర్దార్ డబ్బీలో ఉన్నాడు. కుడిచెయ్యి భుజానికి ఉంది. కత్తి పైకెత్తి ఉంది.

వేలితో నొక్కాను. కదల్లేదు. లాగాను. రాలేదు. భుజం చుట్టూ వెంట్రుకంత సన్నటి గులాబి గీత, దాన్ని కూడా ఎవరో ఓపిగ్గా నున్నగా అరగదీశారు. అంత ఓపిక నాకు ఈ మధ్య పళ్ళ మీద కూడా లేదు.

మొదట నాకు వచ్చిన ఆలోచన మీకు ఇప్పుడు వస్తున్నదే. నిద్రమత్తులో నేనే అతికించి, నేనే దవాఖానకు వెళ్ళి, మరిచిపోయి ఉంటాను. అలసట మనిషిని ఏమైనా చేయిస్తుంది. నాకూ ఆ మాటే నిజం కావాలని ఉంది. అదే నిజమైతే నేను వెళ్ళినట్టే కదా.

మర్నాడు ఇరానీ హోటల్‌కు వెళ్ళి గల్లా దగ్గర కూర్చునే సేటును అడిగాను. ఆ గురువారం నేను మధ్యలో లేచి ఎక్కడికైనా వెళ్ళానా అని.

"యాడికి పోతరు సాబ్? నోరు తెరిచి పండుకున్నరు. గిరాకీ వస్తున్నరు, లేపుదామనుకున్న. మీ మొఖం జూసి లేపబుద్ధి గాలె. నేనే పంకా జర ఎక్కువ జేసిన" అన్నాడు. ఆయన చాయ్‌కి లేచి చూసినప్పుడల్లా నేను అక్కడే ఉన్నానట.

తర్వాత కింది అంతస్తులో క్లినిక్ పెట్టుకున్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకు పదేళ్ళుగా పళ్ళు చేసి ఇస్తున్నాను. పన్నుకు తీసినట్టే ఈ బొమ్మకు ఒక ఎక్స్‌రే తీయమన్నాను. ఆవిడ నన్ను, బొమ్మను, మళ్ళీ నన్ను చూసింది. "గుర్రానికా, మనిషికా సుధాకర్ గారూ?" అని నవ్వి, తీసింది.

ప్లాస్టిక్ దాదాపు కనిపించలేదు. మసక మసకగా ఒక భుజం నీడ, దాని మధ్యలో తెల్లగా, సూదిలా ఒక తీగ. రెండు చివరలా వంపు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి.

"ఇందులో చూడ్డానికేముంది? ఇది మీ చెయ్యే. మా పేషెంట్లందరి నోళ్ళలో ఇదే వంపు. మీరు తప్ప ఇట్లా ఎవరూ వంచరు" అంది డాక్టరమ్మ.

ఆ ఎక్స్‌రే ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఎవరికైనా చూపించగలను. అది చూస్తే నేను బొమ్మను బాగుచేశానని తెలుస్తుంది తప్ప, చేయలేదని తెలియదు. సాక్ష్యమంతా నా వైపే ఉంది. అబద్ధం చెబుతున్నది నా జ్ఞాపకం ఒక్కటే.

నెల రోజులు అలాగే గడిపాను. వదిన రెండుసార్లు ఫోన్ చేసి బాగోగులు అడిగింది. అడిగిన ప్రతిసారీ "ఆఖరికి నువ్వొచ్చినవ్, గదే చాలు" అనేది. ఎవరో చేసిన పుణ్యం నేను తింటున్నట్టు ఉండేది. ఇక మోయలేక ఒక మధ్యాహ్నం వెళ్ళాను. వదిన ఒక్కతే ఉంది. నర్సింగన్న చొక్కాలు మడతపెడుతోంది.

నిలబడే చెప్పాను. "వదినా, గురువారం నేను రాలే. హోటల్ల కూసొని పండుకున్న. బొమ్మ నా సొరుగులనే ఉండె."

వదిన చేతిలోని చొక్కా అలాగే పట్టుకుని నన్ను చూసింది. కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. కోపం వచ్చినా బాగుండేది.

"నేను బయట కుర్చీల కూసున్న తమ్మీ. అయిదు దాటింది. నువ్వు నా ముందట్నే లోపలికి పోయినవ్. మస్తు అలిసిపోయి ఉన్నవ్, పల్కరిస్తే గూడ సూడలే. చేతులకు గా గులాబి పొడి గట్లనే ఉంది, కడుక్కోలే. తలుపు సగం తెరిచే ఉండె. బొమ్మ ఆయన చేతిల వెట్టి, గాయం మానింది, బల్ల ఎక్కించు అన్నవ్. గదేం మాటనో నాకు సమజ్ గాలె. ఆయనకైతే సమజైంది. జరసేపు వట్టుకొని, ఈడొద్దు, నువ్వే దాచిపెట్టు అని నీకే ఇచ్చిండు. నువ్వు జేబుల ఏస్కొని పోయినవ్."

మా ఆట మాటలు నర్సింగన్న ఎప్పుడైనా ఇంట్లో చెప్పి ఉండొచ్చు. దుఃఖంలో మనిషికి లేనివి కనిపించి ఉండొచ్చు. ఇవన్నీ నేనూ ఆలోచించాను. కాని సర్దార్ చెయ్యి దుఃఖంతో అతుక్కోదు.

"నేను గాదు వదినా" అన్నాను మళ్ళీ. నాకు ఏడుపు వచ్చేసింది.

"మరి ఎవని చెయ్యి వట్టుకొని నవ్విండు ఆయన?" అంది.

వదిన చొక్కా మడత పూర్తిచేసి, మిగతావాటి మీద పెట్టింది.

"నాకైతే నువ్వొచ్చినవనే ఉండనియ్యి తమ్మీ" అంది.

అలాగేనన్నాను. అంతకంటే ఏం చేయగలను?

అబిడ్స్ గదిలో బల్ల మీద దుప్పటి ఇంకా తీయలేదు. దాని కింద మా చివరి యుద్ధం ఎక్కడిదక్కడే ఉంది. ఎత్తు వేయాల్సింది నర్సింగన్న. స్టేషనరీ సేటు గది ఖాళీ చేయమనలేదు, నేనూ వెళ్ళి కదిలించలేదు. సర్దార్ నా సొరుగులోనే ఉన్నాడు. గాయం మానింది గాని, సొంతదారు తప్ప ఇంకొకరు బల్ల ఎక్కించకూడదు. అది మేమిద్దరం పెట్టుకున్న నియమమే.

నాకు భయం లేదు. చాలామంది అడుగుతారు, ఆ గదిలో ఒక్కడివే కూర్చుంటావు, భయం వేయదా అని. భయం ఎందుకు? వెళ్ళినవాడు ఎవరైనా నేను చేయాల్సిన పని చేశాడు. నా తీగ వంచాడు, నా మాట అన్నాడు, నా అలసట కూడా వేసుకుని వెళ్ళాడట. వాడికీ ఒళ్ళు అలిసే ఉంది. అయినా వెళ్ళాడు. నాకు వాడి మీద ఉన్నది అసూయ.

ఎవరు వెళ్ళారో, ఎలా వెళ్ళారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. ఆ ఇరానీ హోటల్ నుంచి దవాఖాన గేటు దాకా మొన్న నడిచి చూశాను. నడుము నొప్పితో, మెల్లగా, మధ్యలో ఒకసారి ఆగి కూడా, నాలుగు నిమిషాలే పట్టింది.